ఉప్పు నీళ్ళు

"తొట్టి తీస్తారా, లేకుంటే తొట్టి చుట్టూ రాయి పరిచెయ్యమంటారా? ఏదో ఒకటి చెప్పండి సార్. నా ఆళ్ళు నలుగురు ఉత్తినే కూచోనుండారు."

మేస్త్రి ఆనందన్ ఆ మాట అనడం అది నాలుగోసారి. హాల్లో మూడు వంతుల గచ్చు అప్పటికే పగిలి కంకర తేలింది. మిగిలిన ఒక వంతు మీద, గోడకు ఆనుకుని, ఆరడుగుల గాజు తొట్టి. దాని ముందు రాజా ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, రబ్బరు ట్యూబు నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు.

నీళ్ళు ట్యూబులోకి ఎక్కగానే పుక్కిలించి పక్కకు ఉమ్మి, ట్యూబు చివర నీలం డ్రమ్ములోకి వదిలాడు. నలభై ఆరేళ్ళ మనిషి. మా చెల్లెలు రాజలక్ష్మి మొగుడు. ఇల్లరికం వచ్చి పద్ధెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ నోట ఇంటికి పనికొచ్చే మాట ఒక్కటి రాలేదు. తొట్టిలోని సముద్రాన్ని పీల్చడానికి మాత్రం అక్కరకొచ్చింది.

"ఇంకో అరగంట బావా," అన్నాడు నా వైపు తిరిగి. "నీళ్ళు దిగినాక చేపల్ని పడతా. తొందరపడితే పెద్దది బెదిరిపోతాది."

"బెదరనీ. మేము బెదరలేదా, ఆరేళ్ళుగా దాని మొహం చూస్తా?"

ఆనందన్ కూలీలు నవ్వారు. రాజా కూడా నవ్వాడు. అదే నాకు నచ్చనిది. మాట విసిరితే తగలాలి. ఇసుక మూట మీద రాయి వేసినట్టు చప్పుడు లేకుండా లోపలికి పోతే విసిరిన వాడికి చెయ్యి నొప్పి తప్ప మిగిలేదేముంది?

మాది ఉప్పు మండీ. తొండియార్‌పేటలో మూడు తరాలుగా. ఒక ఉప్పు రాయి నాలుక మీద వేసుకుంటే తూత్తుకుడిదో, మరక్కాణందో, నెల్లూరు వైపు నుంచి వచ్చిందో కళ్ళు మూసుకుని చెప్తాను. మనుషుల్నీ అలాగే చూస్తాను. కొందరు పొడి సరుకు. ఎక్కడ పెట్టినా పెట్టినంత ఉంటారు. కొందరు చెమ్మ సరుకు. మూట నిండుగానే కనిపిస్తుంది, వానాకాలం దాటేసరికి సగం కారిపోయి ఉంటుంది. రాజా చెమ్మ సరుకు. వ్యాసర్పాడిలో నూనె దుకాణం పెట్టాడు, కారిపోయింది. కోడంబాక్కంలో ఫోటో స్టూడియో అన్నాడు, అదీ కారిపోయింది. చివరికి ఈ తొట్టి. ఇది మాత్రం కారలేదు. గాజు మందం.

అందులో ఉన్నవి వండుకు తినే చేపలైనా కావు. ఎనిమిది చిన్నవి, ఒకటి పెద్దది. ఆ పెద్దది అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఒంటి నిండా నీలం గీతలు. ఉదయం నేను కాఫీ తాగుతుంటే గాజుకు మూతి ఆనించి నన్నే చూస్తుంది. ఇంట్లో పని లేని జీవాలు రెండు, అది ఒకటి, దాని యజమాని ఒకడు.

"ఈ కంపు బయటికి పోతే గానీ ఇల్లు ఇల్లుగా ఉండదు," అంది మా ఆవిడ పంకజం వంటింటి గడప మీద నిలబడి.

అణ్ణానగర్‌లో వాళ్ళక్క ఇంటి తెల్ల మార్బుల్ మీద నడిచి వచ్చిన రోజు నుంచి పంకజం పాదం మా ఎర్ర గచ్చు మీద ఆనడం లేదు. గచ్చు వేయించింది మా నాయన. అద్దంలా ఉండేది. ఇప్పుడు వీధిలో కుప్పగా ఉంది.

"ఆరేళ్ళుగా రాని కంపు మార్బుల్ మాట వచ్చినాక వచ్చిందా వదినా?" అంది రాజలక్ష్మి. డ్రమ్ము అంచు పట్టుకుని మొగుడికి సాయంగా నిలబడి ఉంది.

"ఉండేదాన్ని ఉండాది అంటే తప్పా?"

"ఇంకెన్నాళ్ళు ఓర్చుకోవాల? దేవుడు చల్లగా చూస్తే నెలాఖరుకు మేమూ పోతాం, మా కంపూ పోతాది."

పంకజం నోరు మూసుకుంది. నేను మూసుకోలేదు.

"ఎవురు పిలుస్తా ఉండారమ్మా మిమ్మల్ని, కోటలోకా?"

రాజలక్ష్మి నా వైపు చూడలేదు. తొట్టిలో నీళ్ళు దిగడం చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. బీచి వైపు కొత్తగా కడుతున్న పెద్ద హోటలు వాళ్ళు ముందరి హాల్లో సముద్రపు చేపల తొట్టి పెడుతున్నారు. ఇరవై అడుగులట. దాన్ని చూసుకునే మనిషి కావాలి. చేపల దుకాణంలో రాజాను కలిసిన హోటలు మేనేజరు ఇతని మాటలకు ముచ్చటపడ్డాడు. నీ తొట్టి చూపించు, ఆ పెద్ద చేప నిజంగా ఆరేళ్ళు బతికిందంటే పని నీదే అన్నాడట. పనితో పాటు ఉండడానికి రెండు గదులు. మా చెల్లెలికి కావలసింది ఆ రెండు గదులు. అందులో తన పేరున వెలిగే పొయ్యి.

తొమ్మిదింటికి ఫోను మోగింది. హోటలు నుంచి. రాజా తడిచేత్తోనే రిసీవరు పట్టుకుని "ఎస్ సార్, ఎస్ సార్" అన్నాడు. పెట్టేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇప్పుడే రమ్మంటా ఉండారు. పెద్ద మేనేజరు ఊర్నుంచి వచ్చినాడట."

"అయితే పో," అంది రాజలక్ష్మి. "నేను గుడికి పొయ్యి టెంకాయ కొట్టుకోని వస్తా."

అప్పటికి చేపలన్నీ నీలం డ్రమ్ములో చేరాయి. పెరట్లోకి ముందే చేర్చిన రెండో డ్రమ్ములో తొట్టి అడుగున ఉండే ఇసుక, రాళ్ళు. వాటి మీద జానెడు నీళ్ళు. ఖాళీ తొట్టిని ఆనందన్ మనుషులు వసారాలోకి మోశారు. చేపల డ్రమ్మును పెరట్లోకి చేర్చాలి. ఎత్తబోయిన కూలీలతో నేనే అన్నాను, "మూత పెట్టి లాగండప్పా, కుర్రోళ్ళేనా మీరు!" అని. కంకర మీద గరగరమని లాక్కుపోయారు.

రాజా తెల్లచొక్కా వేసుకుని వచ్చి గేటు దగ్గర ఆగాడు.

"బావా, ఒక్క మాట. జెబరాజ్ పదింటికి వస్తాడు. ఆడు తెచ్చే క్యాన్లు నీడలో పెట్టించు. డ్రమ్ములో నీళ్ళు దిగితే ఉప్పు నీళ్ళే పొయ్యాల. మంచి నీళ్ళు ఒక్క చెంబు పడకూడదు. మెట్రో వాటర్‌లో మందు కలుపుతారు, చచ్చిపోతాయి."

"సరే, పో."

"ఉప్పు నీళ్ళే బావా."

"ఉప్పు గురించి నాకు చెప్తా ఉండావా?"

అతను నవ్వి వెళ్ళిపోయాడు.

*

జెబరాజ్ కాసిమేడు మనిషి. పడవ ఉంది. వారానికోసారి రాజాకు రెండు క్యాన్ల సముద్రం నీళ్ళు తెచ్చి ఇస్తాడు. ఆ రోజు పది క్యాన్లు తన మూడు చక్రాల చేపల బండి మీద వేసుకుని వచ్చాడు. సరిగ్గా అప్పుడే గేటుకు అడ్డంగా మార్బుల్ లారీ నిలబడి ఉంది. డ్రైవరు అరుస్తున్నాడు. ఆనందన్ అరుస్తున్నాడు. రెండు పలకలు దించడంలోనే పగిలాయి. తెల్లరాయి అంటే ఇదీ. చూడ్డానికి దొర, మోస్తే ముసలమ్మ.

"మొదలాళీ, రాజా సార్ చెప్పిన సముద్రం తణ్ణి. లోతుకు పొయ్యి పట్టినా. ఒడ్డు దగ్గర పట్టలేదు, ఆడ నూనె తేలతాది."

"బండి తియ్యరా ముందు. లారీ లోపలికి రావాల."

"క్యాన్లు దించేసి పోతా మొదలాళీ. రెండే నిమిషాలు."

"ఏంది దించేది? ఉప్పు మండీవాడి ఇంటికి ఉప్పు నీళ్ళు మోసుకోని వచ్చినావా? ఈడ మోటారు వేస్తే వచ్చేదంతా ఉప్పే."

జెబరాజ్ తల గోక్కున్నాడు. మొదలాళిని, మండీ యజమానిని, నాతో వాదించాలంటే భయం, వెళ్ళాలంటే మనసు రావడం లేదు.

"అది వేరే, ఇది వేరే మొదలాళీ. మనకు తెలవకపోయినా మీనుకు తెలుస్తాది."

"మీనుకు తెలిసేది నాకు తెలవదంటావా?"

"అట్ల అనలేదు..."

"తీసుకోని పో. రాజా వస్తే నేను చెప్పుకుంటా."

బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. వీధి మలుపు దగ్గర ఒకసారి ఆగి చూశాడు. లారీ లోపలికి వచ్చింది. నేను చేసిన పనిలో అప్పుడు నాకు తప్పేమీ కనిపించలేదు. సరుకు ఇంట్లో ఉండగా బయట నుంచి దించుకునేవాడు వ్యాపారి కాదు, అంతే.

పదకొండు దాటాక కాళియమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోమి, నీళ్ళు పట్టే మనిషి. మా పేట పుట్టినప్పటి నుంచి ఉన్నట్టుంటుంది.

"అయ్యా, మీను డ్రమ్ములో తణ్ణి దిగిపోతా ఉండాది. కింద చీలి ఉండాది. పెద్ద మీను వీపు బయటికి కనిపిస్తా ఉండాది!"

వెళ్ళి చూశాను. కంకర మీద లాగినచోట అడుగున సన్నటి చీలిక. నీళ్ళు నాలుగో వంతుకు దిగాయి. పెద్దది ఒక పక్కకు ఒరిగి తోక కొడుతోంది. ఆనందన్ సిమెంటు ముద్ద తెచ్చి చీలిక మీద అదిమి, పైన గోనెపట్టా చుట్టాడు. కారడం ఆగింది.

"ఏ తణ్ణి పొయ్యాలయ్యా?" అంది కాళియమ్మ.

మా పేటలో ఏ ఇంట్లోనైనా నీళ్ళు రెండు రకాలు. రోజు విడిచి రోజు వచ్చే మెట్రో వాటర్, అది మంచి నీళ్ళు. తాగడానికి, వంటకు. బోరు నుంచి వచ్చేవి ఉప్పు నీళ్ళు. గిన్నెలకు, గుడ్డలకు, ఒంటికి. సబ్బు నురగ రాదు, తల మీద జుట్టు మిగలదు. కాళియమ్మ ముప్పై ఏళ్ళుగా నన్ను రోజూ అడిగే ప్రశ్న అదే, మంచి తణ్ణియా, ఉప్పు తణ్ణియా అని.

"ఉప్పు నీళ్ళే," అన్నాను. "మంచి నీళ్ళు ఒక చెంబు కూడా పొయ్యొద్దని రాజా చెప్పిపోయినాడు."

ఆమె మోటారు స్విచ్చి వేసింది. పెరట్లో కొళాయికి గొట్టం తగిలించింది. డ్రమ్ము నిండా పోయించి, మూత సగం పెట్టించి, నేను భోజనానికి కూర్చున్నాను. పంకజం వడ్డిస్తూ అంది, "ఈ మాత్రం పనికి ఆయన లేకపోతే జరగదన్నట్టు చెప్తారు చూడండి." నిజమే అనుకున్నాను.

*

రాజా రెండున్నరకు వచ్చాడు. చేతిలో మైసూర్‌పాకు పొట్లం. మొహం చూస్తేనే తెలుస్తోంది. వసారాలో చెప్పులు విప్పుతూనే చెప్పాడు.

"నాలుగింటికి ఆయనే వస్తా ఉండాడు, పెద్ద మేనేజరు. పెద్దదాన్ని చూస్తాడట. చూసి, ఆర్డరు ఈడే చేతికిస్తాడట."

రాజలక్ష్మి గుడి నుంచి తెచ్చిన కుంకుమ అతని నుదుట పెట్టింది.  పంకజానికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది.

"హాలంతా కంకరే గదా! అంత పెద్దాయన్ను ఏడ కూచోపెట్టేది?"

"ఆయన వచ్చేది మనల్ని చూసేదానికి కాదక్కా," అని నవ్వుతూ రాజా పెరట్లోకి వెళ్ళాడు.

ఆ తర్వాత నవ్వు వినపడలేదు.  నేనే లేచి వెళ్ళాను.

డ్రమ్ము మూత కింద పడి ఉంది. ఎనిమిది చిన్నవాటిలో ఆరు పైకి తేలాయి. మిగతా రెండు అంచు దగ్గర నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. పెద్దది అడుగున పక్కకు పడుకుని ఉంది. మొప్ప ఒకటి ఆడుతోంది, ఆగుతోంది.

రాజా డ్రమ్ములో చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నోటికి ఆనించుకున్నాడు. ఉమ్మాడు.

"ఏ నీళ్ళు పోసినారు?"

"ఉప్పు తణ్ణి సార్," అంది కాళియమ్మ. "మీరు ఉప్పు తణ్ణే అన్నారంట గదా. మంచి తణ్ణి ఒక చొట్టు కూడా పొయ్యలేదు. పిల్లల మీద ఆన."

"బోరుదా?"

"ఉప్పు తణ్ణి అంటే ఇంకేముంటాది సార్?"

రాజా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవవచ్చు. అతను గొణిగాడు.

"అవును. నేనే అన్నా. సముద్రం నీళ్ళు అని చెప్పాల్సింది. ఉప్పు నీళ్ళు అన్నా. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినోణ్ణి, ఆ మాత్రం తెలవదా నాకు?"

"అంతదానికి గాబరా ఎందుకు?" అన్నాను. "మండీ నుంచి ఒక మూట తెప్పిస్తా. కలిపితే సరిపోతాది."

అప్పుడు నవ్వాడు. కానీ అది నా మాట మింగే నవ్వు కాదు.

"నీ ఉప్పు కూరకు బావా. సముద్రంలో ఉండేది ఒక్క ఉప్పేనా?"

లేచి పెద్దదాన్ని రెండు చేతులతో ఎత్తి, ఇసుక డ్రమ్ములో మిగిలిన జానెడు పాత నీళ్ళలోకి దించాడు. అది నిలబడలేకపోయింది. రాజలక్ష్మిని పిలిచి, దాన్ని రెండు అరచేతుల మధ్య నిలువుగా పట్టుకోమని చూపించాడు. నోట్లోకి నీళ్ళు పోయేట్టు మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించమన్నాడు.

"ఎంతసేపు?"

"నేను వచ్చేదాకా."

అని నా వైపు తిరిగాడు.

"బావా, జెబరాజ్ రాలేదా?"

కాళియమ్మ గిన్నె తోమడం ఆపింది. ఉదయం జెబరాజ్ బండి తిప్పుకుని పోవడం వాకిట్లో కంకర దుమ్ము ఊడుస్తూ ఆమె చూసింది.

బేరంలో ఒక క్షణం ఉంటుంది. అవతలివాడు అడుగుతాడు, నువ్వు జవాబు చెప్పకముందే నీ మొహం చెప్పేస్తుంది. ముప్పై ఏళ్ళుగా నా మొహం ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు.

"రాలేదు," అన్నాను.

"ఎప్పుడూ మాట తప్పనోడు," అంటూ రాజా చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆటో దొరికిన చప్పుడు వినిపించింది.

*

పెరట్లో నేను, రాజలక్ష్మి మిగిలాం. ఆమె డ్రమ్ము మీదికి వంగి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, చేపను ఆడిస్తూ ఉంది. ముందుకూ, వెనక్కూ. నడుము నొప్పి మనిషి. చీర కొంగు నీళ్ళలో పడింది, తీసుకోలేదు.

"స్టూలు వేయిస్తా," అన్నాను.

"వద్దు."

హాల్లో ఆనందన్ మనుషులు గచ్చు మిగిలిన ముక్క పగలగొడుతున్నారు. ఒక్కో దెబ్బకూ పెరటి గోడ అదురుతోంది. చేప మొప్ప ఆ దెబ్బలకు ముడుచుకున్నట్టు అనిపించింది.

"ఆపమని చెప్పు అన్నా."

వెళ్ళి ఆపించాను. ఆనందన్ గొణుక్కున్నాడు. మళ్ళీ వచ్చి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. మండీలో పని ఉంది.

"ఆ నీలం డ్రమ్ములో ఒక వేలు ముంచు అన్నా," అంది రాజలక్ష్మి, నా వైపు చూడకుండా.

"ఎందుకు?"

"ముంచు. నాలుక మీద పెట్టుకో."

ఆమె గొంతులో గట్టితనం లేదు. అయినా నేను ముంచాను. చచ్చిన చేపలు వేలికి తగిలాయి. నాలుక మీద పెట్టుకున్నాను.

"చిన్నప్పుడు నాయన నీకు కళ్ళకు గంతలు కట్టి ఉప్పు పెట్టేవాడు. నువ్వు ఊరి పేరు చెప్పేవాడివి. ఒక్కసారి కూడా తప్పలేదు. అందరికీ చెప్పుకోని మురిసిపోయేవాడు. చెప్పు, ఇది ఏ ఊరుది?"

చప్పగా, తుప్పు పట్టిన ఇనుములా ఉంది. అడుగున ఎక్కడో సన్నగా ఉప్పు.

"మనింటిదే," అన్నాను.

"పొద్దున పోయించే ముందు ఈ వేలు ముంచి ఉంటే?"

"తెలిసి చేసినానంటావా?"

"నేనేమీ అనలేదు. నువ్వే అంటా ఉండావు."

చేతులు ఆగలేదు. ముందుకూ, వెనక్కూ. పెద్దది ఒకసారి తోక విదిల్చింది. ఆమె మొహం మీద నీళ్ళు చిట్లాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు.

"ఆయన ఎందుకూ పనికిరాడని ఈ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వింటానో నీకు తెలుసా? నువ్వు చెప్పకపోతే వదిన చెప్తాది. ఇద్దరూ చెప్పకపోతే ఆయనే చెప్పుకుంటాడు. ఆరేళ్ళు, ఒక్క చేప. దాన్ని ఒక్కదాన్ని బతికించినాడు. నాకు అది చేప కాదు అన్నా, ఆయన చేతిలోంచి జారిపోనిది అది ఒక్కటే."

"పని రాకపోతే ఏమైపోతాది? ఈడ మీకు ఏం తక్కువ?"

రాజలక్ష్మి మొదటిసారి తల తిప్పి నన్ను చూసింది.

"ఆయన ఈ ఇల్లు దాటిపోతే నువ్వు ఎవుర్ని పెట్టి తూకం వేసుకుంటావు?"

 మండీలో పెద్ద త్రాసు ఉంది, మా తాత కాలంది. ఒక పళ్ళెం మీది రాయి తీసేస్తే రెండోది దభాలున నేలకు కొడుతుంది. చిన్నప్పుడు దాని కింద నా కాలి వేలు నలిగింది. ఆ గోరు ఇప్పటికీ సరిగ్గా పెరగదు.

వసారాలో గడియారం మూడున్నర కొట్టింది. పంకజం లోపలి నుంచి కేకేసింది, కుర్చీలు వసారాలో వేయించనా, వీధిలో వేయించనా అని. 

"ఒక్కటి అడుగుతా," అంది రాజలక్ష్మి. "నిజం చెప్పు. జెబరాజ్ వచ్చినాడా, రాలేదా?"

కాళియమ్మ తోమిన గిన్నెల్ని మళ్ళీ తోముతోంది.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో దేవుడికే తెలియాలి. అంతలో వీధిలో మూడు చక్రాల చేపల బండి మోత వినిపించింది. ఆ మోత విని మా పేటలో ఎవరూ పొరపడరు.

గేటు దగ్గరికి నడిచాను. జెబరాజ్ తోలుతున్నాడు. అతని పక్కన, చిన్న పలక మీద ఒక కాలు వేలాడేసి, రాజా కూర్చుని ఉన్నాడు. వెనక పది క్యాన్లు. ఉదయం నేను తిప్పి పంపిన పది క్యాన్లే.

కాసిమేడు నుంచి మా గేటుకు ఆ బండి మీద ఇరవై నిమిషాలు. ఇద్దరు మనుషులు భుజం భుజం తగిలేలా కూర్చుంటే ఇరవై నిమిషాల్లో ఎన్ని మాటలు పడతాయో లెక్క వేసుకున్నాను. జెబరాజ్ చెప్పవలసింది మూడు మాటలే. మొదలాళి పొమ్మన్నాడు సార్. మిగిలిన పంతొమ్మిది నిమిషాలు రాజా ఏం ఆలోచించి ఉంటాడో నాకు లెక్క తేలలేదు.

బండి ఆగింది. జెబరాజ్ నన్ను చూసి తల దించుకున్నాడు. రాజా దిగాడు. తెల్లచొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. రెండు చేతుల్లో రెండు క్యాన్లు ఎత్తుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేను గేటు మధ్యలో ఉన్నాను.

తిడతాడని కాచుకున్నాను. తిడితే నా దగ్గర జవాబు ఉంది. లారీ ఉంది, మేస్త్రి ఉన్నాడు, పగిలిన పలకలు ఉన్నాయి.

బండి వెనక తెల్లటి కారు ఒకటి ఆగి, దారి కోసం హారను కొట్టింది. వెనక సీట్లో టై కట్టుకున్న మనిషి అద్దం దించి మా ఇంటి నంబరు చూస్తున్నాడు. నాలుగు ఇంకా కాలేదు.

రాజా ఆ కారు వైపు చూడలేదు. నా కళ్ళలోకి చూశాడు. పద్ధెనిమిదేళ్ళుగా ఆ నోట నా కోసం వచ్చిన పిలుపు ఒక్కటే, బావా.

"కామేశం గారూ," అన్నాడు, "కొంచెం దారి ఇయ్యండి."